అత్తగారికి పెట్టిన గాడిద

మా దగ్గర గుట్ట ఎక్కితే తప్ప ఫోను పలకదు. మంగళవారం పొద్దున్నే కట్టెల కోసం ఎక్కిన ఒట్టీలియ పిన్ని, కట్టెలు అక్కడే పడేసి, రాళ్ళ మీద జారుతూ మా ఇంటికి దిగి వచ్చింది.

“వస్తున్నారే థెక్లా! వెర్నర్ ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం. నలుగురు మగాళ్ళు, ఎనిమిది రోజులు. సముద్రంలో చేపలు పట్టాలంట, రెండు జింకల్ని కొట్టాలంట, మన అత్తగారిని చూడాలంట. ఏ రోజు ఎక్కడుండేదీ ఏం తినేదీ కాయితం మీద రాసుకుని ఎల్లుండి మధ్యాహ్నం చదివి చెప్పమన్నాడు. నచ్చితే మన దగ్గరికి. నచ్చకపోతే పైన ఇంకో క్యాంపు ఉందంట, అక్కడికి.”

అత్తగారంటే మా ఎండిన ఏట్లో తిరిగే ఆడసింహం. సింహం అని పైకి అంటే వినిపించుకుని వస్తుందని మా పెద్దవాళ్ళకి భయం. అందుకని అత్తగారు. ఎడమ చెవి సగానికి చినిగి ఉంటుంది. ఈసారి మూడు పిల్లల్ని పెట్టింది. నా భర్త ఎలీఫాస్ అడవి కాపలాదారు. అత్తగారి అడుగులు వెతకడం, ఎక్కడ నీళ్ళు తాగింది, ఏం తిన్నది, పిల్లలెన్ని మిగిలాయి అన్నీ పసుపు అట్ట పుస్తకంలో రాయడం ఆయన పని. అందుకని ఊళ్ళో ఆయన్ని అల్లుడుగారంటారు. పోయిన నెల అత్తగారు మా దొడ్డి ముళ్ళకంచె దూకి ఒక్క రాత్రిలో పందొమ్మిది మేకల్ని చంపింది. తిన్నది ఒకటి. ఆ తరవాత కూడా ఆయన్ని అల్లుడుగారనే పిలిచారు గానీ ఎవరూ నవ్వలేదు.

వాన పడి ఆరేళ్ళయింది. పన్నెండు ఇళ్ళ అనిగాబ్‌లో ఇప్పుడు పొయ్యి వెలిగేది ఐదింట్లో. మిగతావాళ్ళు ఖోరిఖాస్ పట్టణం చివర రేకుల గుడిసెల్లోకి వెళ్ళిపోయారు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళని నేను చూడలేదు. వెర్నర్ తీరంలో ఉండే మనిషి, ప్రయాణాలు కుదర్చడం ఆయన వ్యాపారం. పోయినసారి వచ్చినప్పుడు మా ఇసక మీద నిలబడి ఒకే మాట చెప్పాడు. చేపలు తీరం పొడుగునా ఉన్నాయి, జింకలు ఏ పొలంలోనైనా దొరుకుతాయి, పిల్లల్ని వెంటేసుకుని ఇసకలో నడిచే సింహం మాత్రం మీ ఏట్లోనే ఉంది, ఆవిడ ఉన్నంతకాలం నెలకొక జట్టుని పంపిస్తాను అని. అంటే మా ఐదిళ్ళూ ఇక్కడ ఉండాలంటే మా మేకల్ని చంపిన అత్తగారు బతికి ఉండాలి.

నేను పాత క్యాలెండరు తిరగేసి బల్ల మీద పరిచాను. పిన్ని కాఫీ పోసుకుని కూర్చుంది. ఎలీఫాస్ టోపీ తీయకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

“మొదటి రోజు రాక,” అన్నాను. “సంకటి, మేకమాంసం. రెండో రోజు తెల్లారగానే సముద్రానికి. తీరానికి పోయే గేటు దగ్గర చీటీ రాయించుకోవాలి, మధ్యాహ్నం మూడు దాటితే లోపలికి వదలరు. రెండు రాత్రులు అక్కడే.”

“దుప్పట్లు ఎక్కువ రాయి,” అంది పిన్ని. “ఆ పొగమంచులో పోయినసారి వచ్చినోళ్ళు పళ్ళు కొట్టుకుంటా కూర్చున్నారు, చేప ఎర మింగినా తెలవలా. ఏమయ్యా అల్లుడూ, అంతేగా?”

ఎలీఫాస్ తలూపాడు.

“నాలుగు, ఐదు వేట. రెండు జింకలు, అందులో ఒకటి పొడుగు కొమ్ముల ఒరిక్స్. మాంసం మనకి, కొమ్ములు వాళ్ళకి.”

“కాలేయం నాకు,” అంది పిన్ని. “ముందే రాసి పెట్టు. నోటి మాటలంటే మర్చిపోతావు.”

“ఆరో రోజు ఏటి వెంట. ఏనుగులు. ఏడో రోజు ఇరుకు లోయలో ఊట దగ్గర అత్తగారు. పిల్లలు మూడు.” పెన్సిలుతో గీత గీశాను.

“అటొద్దు,” అన్నాడు ఎలీఫాస్.

ఆ పొద్దుటి నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

“అదేంటి? వారం రోజులుగా అక్కడే తిరుగుతోందని నువ్వే చెప్పావుగా?”

“అటొద్దన్నానుగా. రాళ్ళు ఎక్కువ. బండి పోదు.”

“పోయిన ఆదివారం పోయిందిగా?”

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని కాఫీ గ్లాసులో మిగిలిన మడ్డి వంక చూస్తూ, “మేకల మీద దిగులు ఇంకా తగ్గలేదే ఈయనకి,” అంది. నేనూ అంతే అనుకున్నాను.

పిన్ని వెళ్ళి చర్చిలో చావులకీ పెళ్ళిళ్ళకీ వాడే పెద్ద గిన్నెలు రెండు, మూతలతో సహా, మా బండి మీద వేయించుకొచ్చి వాకిట్లో ఆపింది. నలుగురికి మా ఇంట్లో గిన్నెలు చాలవు. ఆ తరవాత నేను కుక్కల సంగతి చూద్దామనుకున్నాను. వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర చేరతాయి, ఒంటి నిండా పిడుదులు. పశువులకి పూసే పిడుదుల మందు డబ్బా మేకల పాక చూరులో ఉంటుంది. తీశాను. చేతికి తేలిగ్గా వచ్చింది. పండగ ముందు కొన్న డబ్బా, ఒక్కసారే వాడాం. మూత తీసి తలకిందులు చేస్తే ఒక్క చుక్క పడింది.

ఆ మందు ఎందుకెందుకు వాడతారో మా వైపు అందరికీ తెలుసు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ఎలీఫాస్ పాక వెనక గాడిదలకి నీళ్ళు పెడుతున్నాడు. నాలుగు ఉండాల్సిన చోట మూడున్నాయి. తెల్లకాలుది లేదు.

“తెల్లకాలుది ఏదయ్యా?”

“చచ్చిపోయింది. మొన్న. మేత లేక.”

“ఎక్కడ పడేశావు?”

బకెట్టు కింద పెట్టాడు. నేను డబ్బా చూపించాను. ఆయన దాని వైపు చూడలేదు, నా చేతి వైపు చూశాడు.

“చేతులు కడుక్కో ముందు,” అన్నాడు.

“దాని ఒంట్లో మందు పోసి అత్తగారికి ఎప్పుడు పెట్టావు?”

“నిన్న సాయంత్రం.”

“ఇరుకు లోయలోనా?”

“ఊట పక్కన. రాబందులు చూడకుండా పైన కొమ్మలు కప్పాను. నాకేం తెలుసే ఇవాళ ఫోన్ వస్తుందని! మూడు నెలలుగా వస్తాం వస్తాం అంటూనే ఉన్నాడు వాడు. పందొమ్మిది మేకలు థెక్లా. నా చేత్తో పొట్టలు కోసి పాతిపెట్టాను. ఆ తరవాత కూడా పొద్దున్నే లేచి దాని అడుగులు వెతుక్కుంటూ పోయి, క్షేమంగా ఉంది, పిల్లలు మూడు బాగున్నాయి అని పుస్తకంలో రాశాను. రాస్తుంటే నా చెయ్యి నాదిలాగా లేదు.”

తిట్టాలని నోరు తెరిచాను. తిట్టేంత సమయం లేదు.

“బండి కట్టు,” అన్నాను.

పన్నెండు కిలోమీటర్ల దారి. మూడు బక్క గాడిదలు. ఎండలో ఇసక తెల్లగా మండుతోంది. పార, నీళ్ళ డబ్బా, కిరోసిను, గోనెసంచులు వేసుకున్నాం. చర్చి గిన్నెలు దించాలని కూడా తోచలేదు, బండి కదిలినప్పుడల్లా అవి వెనకనుంచి టంగుమని మోగాయి. పిన్ని తన గుమ్మంలోంచి కేక వేసింది.

“ఎక్కడికే గిన్నెలేసుకుని? ఎవరు పోయారు?”

“ఇంకా ఎవరూ పోలేదు పిన్నీ,” అన్నాను. 

 దారిలో నేను ఆగలేకపోయాను. “పుస్తకంలో అందరివీ రాసేవాడివి. ఉచ్చులు పెట్టినవాళ్ళవీ, దొంగతనంగా జింకని కొట్టినవాళ్ళవీ. ఇంతమందిలో మందు పెట్టడానికి నువ్వే దొరికావా?” అన్నాను. కాసేపయ్యాక, “రాత్రే తినేసి ఉంటే?” అన్నాను. ఆయన గాడిదని అదిలించాడు, అంతే. బతికి ఉండు తల్లీ, బతికి ఉండు అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. నెల కిందట ఇదే నోటితో దాన్ని చచ్చిపొమ్మన్నాను.

లోయ మొదట్లోనే రెండు కాకులు రెక్కలు విప్పుకుని పడి ఉన్నాయి. కొంచెం ముందు ఒక నక్క, నోటి దగ్గర నురగ ఎండిపోయి ఉంది. ఎలీఫాస్ దిగి ఒక్కొక్కదాన్నీ కర్రతో గోనెసంచిలోకి తోసి మూతి కట్టాడు. వాటిని తిన్నవి కూడా చస్తాయి. ఆ తరవాత వాటిని తిన్నవి.

మలుపు తిరిగేసరికి గాడిదలు నిలబడిపోయాయి.

అత్తగారు ఊటకి పైనున్న రాతి నీడలో పడుకుని ఉంది. తల ఎత్తింది. చెవి చినిగిన వైపే మాకు కనిపించింది.

“బతికే ఉంది,” అన్నాను.

“పొట్ట చూడు,” అన్నాడు ఎలీఫాస్ గొంతు తగ్గించి. “నిండుగా ఉంది. మూతికి ఎండిన రక్తం ఉంది. ఎక్కడో చారల గుర్రాన్నో జింకనో తిని నీళ్ళకొచ్చింది. ఆకలి లేదు దానికి. గాడిద జోలికి పోలేదు.”

కానీ కొమ్మలు పక్కకి లాగి ఉన్నాయి. గాడిద దగ్గర మూడు కూనలు. రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ తోకతో ఆడుకుంటున్నాయి. మూడోది పొట్ట దగ్గర తలపెట్టి కూర్చుని, తీరిగ్గా నములుతోంది.

కాపలావాళ్ళకి మా దగ్గర తుపాకీ ఇవ్వరు. కర్ర ఇస్తారు, టోపీ ఇస్తారు. ఎలీఫాస్ కర్ర తీసుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నాకు కనిపించినవి గిన్నెలే. ఒక గిన్నె చంకకి ఎత్తుకుని, పార పిడితో దాని మీద కొట్టాను. లోయంతా మోగింది. జీవితంలో అంత చప్పుడు నేనెప్పుడూ చేయలేదు.

“పో అత్తా!” అని అరుస్తూ ఆయన ముందుకు నడిచాడు. సింహానికి వీపు చూపించకూడదు, పరిగెత్తకూడదు, మనిషి గొంతు తగ్గకూడదు. “పో! లే! నేను పెట్టింది తినొద్దు! నీకు పెట్టిన చెయ్యి విరిగిపోవాలి, పో ఇక్కణ్నుంచి!”

అది లేచింది. తోక రెండుసార్లు కొట్టి, ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. పది అడుగుల దూరంలో ఇసక చిమ్ముతూ ఆగింది. నేను గిన్నె మీద కొడుతూనే ఉన్నాను, నా చేతులు వాటంతటవే కొడుతున్నాయి. దాని ఊపిరి వాసన నాకు తగిలింది. కొంతసేపు అది మమ్మల్ని చూసింది, ఆ తరవాత పక్కకి తిరిగి గుట్ట మీదికి నడిచి, గొంతులో చిన్నగా పిలిచింది. రెండు కూనలు దాని వెనక పరిగెత్తాయి.

మూడోది లేవబోయింది. ముందుకాళ్ళు లేచాయి, వెనకకాళ్ళు లేవలేదు.

అత్తగారు ఆగి చూసింది. మళ్ళీ పిలిచింది. ఆ తరవాత మా చప్పుడు లెక్కచేయకుండా దిగి వచ్చి, కూనని మెడ దగ్గర పట్టుకుని కొంచెం పైకి మోసుకెళ్ళి, రాయి పక్కన దించింది. కూన వణుకుతోంది. నోటి వెంట కారుతోంది. తల్లి వంగి దాని మూతి నాకబోయింది.

“నాకనివ్వకు!” అని ఎలీఫాస్ గావుకేక పెట్టాడు. “దాని మూతికుంది మందు! నాకితే ఇదీ పోతుంది! కొట్టు థెక్లా, కొట్టు!”

నేను కొట్టాను. బిడ్డ చచ్చిపోతుంటే దగ్గర కూర్చున్న తల్లిని తరమడానికి, చావింట్లో వండే గిన్నె మీద పార పిడితో కొట్టాను. ఆయన రాళ్ళు విసిరాడు, అరిచాడు, ఏడ్చాడు. అది వెళ్ళదు. రెండడుగులు వేస్తుంది, మళ్ళీ వస్తుంది. మూడుసార్లు వచ్చింది. మూడోసారి ఎలీఫాస్ తన చొక్కా విప్పి కిరోసినులో ముంచి, కర్రకి చుట్టి అంటించి, కూనకీ తల్లికీ మధ్య నిలబడ్డాడు. అత్తగారు ఆ మంటనీ మమ్మల్నీ చూసింది. మిగిలిన రెండు పిల్లలూ పైనుంచి అరుస్తున్నాయి. చివరికి అది వాటి దగ్గరికి వెళ్ళిపోయింది.

కూన ఎక్కువసేపు ఉండలేదు. నా శాలువా దాని మీద కప్పాను. ఎందుకు కప్పానో నాకే తెలియదు.

పొద్దుగూకేలోపు కట్టెలు పోగుచేసి గాడిదనీ, సంచిలోవాటినీ, కూననీ ఒకే మంటలో పెట్టాం. తెల్లారేదాకా కట్టెలు వేస్తూనే ఉన్నాం. బూడిదంతా లోతుగా పాతి, పైన రాళ్ళు పేర్చాం.

బుధవారం వెలుగు రాగానే అడుగులు వెతికాం. ఎలీఫాస్ ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు.

“ఇటు కూర్చో. ఎండ నీ ముందు నుంచి రావాలి, అప్పుడే గుర్తు లోతు కనిపిస్తుంది. ఇది ముందు కాలు. ఇది వెనకది. వెనకది ముందుదాని మీదే పడింది చూశావా? తూలుతూ నడిస్తే అలా పడదు. ఈడ్చిన గీత కూడా లేదు. పక్కన చిన్నవి రెండు జతలు.”

“ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు?”

“చూడు, చెబుతా,” అన్నాడు. చెప్పలేదు.

రెండు కిలోమీటర్లు ఆ అడుగుల వెంట పోయాం. తరవాతి గుట్ట మీద నీడలో అత్తగారు పడుకుని ఉంది. రెండు కూనలు పాలు తాగుతున్నాయి. ఈగలు వాలితే చినిగిన చెవి కదిలింది. 

ఇంటికి వచ్చాక ఆయన మొహం కడుక్కుని, వేరే చొక్కా తొడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. నా క్యాలెండరు కాగితం పక్కకి జరిపి పసుపు అట్ట పుస్తకం తెరిచాడు. నేను పేజీ మీద చెయ్యి పెట్టాను.

“కూన ఒకటి చచ్చిపోయిందని రాయి. అది నిజమే కదా? ఎందుకు చచ్చిపోయిందో ఎవరడుగుతారు? కూనలు చస్తూనే ఉంటాయి.”

“ఎందుకు అన్నదానికి ఇక్కడ ఒక గడి ఉంది.”

“ఖాళీగా వదిలెయ్యి.”

“పదహారేళ్ళలో ఒక్క గడి ఖాళీగా వదల్లేదు. మా జోసాఫాట్ అన్న కొడుకు చీటీ లేకుండా ఒక్క జింకని కొట్టాడు, ఇంట్లో తిండి లేక. రాశాను. నాలుగు నెలలు లోపల ఉన్నాడు. బయటికొచ్చి నా ఇంటికే వచ్చి కాఫీ తాగాడు, ఒక్క మాట అనలా. నువ్వే పోశావు కాఫీ. వాడిది రాసి నాది రాయకపోతే, రేపు వాడి మొహం ఎలా చూడను?”

“వాడి మొహం సరే. నా మొహమో? మేకలు పోయినాయి, నువ్వూ జైలుకి పోతావు. సింహంతో కాపరం చెయ్యనా నేను?”

ఆయన నా చేతిని తీయలేదు.   పొయ్యి మీద నీళ్ళు మరిగి సగమయ్యాయి. చివరికి నీళ్ళు దించడానికి నేనే లేచాను. వెనక పెన్సిలు చప్పుడు వినిపించింది. ఆయన మెల్లగా, అక్షరం అక్షరం దిద్దుతూ రాస్తాడు.

“ఆఫీసువాళ్ళు పుస్తకం చూసేది నెలాఖర్న,” అన్నాడు రాస్తూనే. “ముప్ఫయ్యో తారీఖు. నీ కాయితం ప్రకారం వాళ్ళు తిరిగి పోయేది ఇరవై ఆరున. మధ్యలో నాలుగు రోజులున్నాయి. పాకకి ముళ్ళకంచె ఎత్తు పెంచి పోతాను.”

సాయంత్రం పిన్ని గిన్నెలు తోమి ఉంచుదామని వచ్చింది. ఒకదానికి పక్కన పెద్ద సొట్ట.

“ఇదేంటే? పాదిరిగారు నన్ను నిలబెట్టి అడుగుతారు. దేంతో కొట్టారు దీన్ని?”

ఎలీఫాస్ నోరు తెరిచాడు. నాకన్నా ముందే ఆయన మొత్తం చెప్పేశాడు, తెల్లకాలు గాడిద దగ్గర మొదలుపెట్టి. పిన్ని నిలబడే విన్నది. ఆ రాత్రి పోయిన పందొమ్మిదిలో ఆరు మేకలు ఆవిడవి. చివరికి గిన్నె పక్కకి వాల్చి, లోపలి నుంచి పిడికిలితో ఆ సొట్టని బయటికి తోయడం మొదలుపెట్టింది. అది పోలేదు.

“నాకు తోచి ఉంటే నేనే పెట్టేదాన్ని,” అంది. “దరిద్రపు బతుకులు. నువ్వు రాసేశావా మరి?”

“రాశాను పిన్నీ.”

“అల్లుడుగారూ అల్లుడుగారూ అని నెత్తినెక్కించుకుంటే ఇంతే,” అని కళ్ళు తుడుచుకుని, తోమడానికి గిన్నెలు మోసుకుంటూ వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే గుట్ట ఎక్కాను. ఫోన్లో బ్యాటరీ రెండు గీతలుంది. వెర్నర్ అన్న సమయానికే చేశాడు. కాగితం చదివాను. గేటు సమయం, దుప్పట్లు, ఎర, నీళ్ళు రోజుకి ఎన్ని డబ్బాలు, వేట రోజుల్లో మాంసం ఎవరికి. ఆయన ఊ కొడుతూ విన్నాడు.

“ఏడో రోజు ఏటి పైన గుట్ట దగ్గర సింహం,” అన్నాను. “పిల్లలు రెండు.”

“మూడన్నారు కదా?”

“రెండు.”

“ఏమైంది?”

“ఒకటి చచ్చిపోయింది. ఎందుకో పుస్తకంలో రాసి ఉంది. వచ్చాక చదువుకోవచ్చు.”

 గాలికి లైను పోయిందేమోనని ఫోను పైకెత్తి పట్టుకున్నాను. మళ్ళీ చెవికి పెట్టుకునేసరికి ఆయన మాట్లాడుతున్నాడు.

“...సరేనండీ, వస్తున్నాం. తల్లి ఉంది కదా, చాలు. ఇంకో మాట. నెలనెలా పంపించాలంటే దారి చూపించే మనిషి పేరు మా కాగితాల్లో అచ్చు వేయాలి. ఎలీఫాస్ గారే కదా, ఏడాదంతా?”

కింద ఎలీఫాస్ ముళ్ళకొమ్మలు లాక్కొస్తున్నాడు. ఇంత దూరం నుంచి ఆయన చిన్న చీమలాగా ఉన్నాడు, ఆయన వెనక ఇసకలో కొమ్మ గీసిన గీత ఒక్కటే స్పష్టంగా కనిపిస్తోంది.

“ఈ ఎనిమిది రోజులకీ ఆయన పేరు రాసుకోండి,” అన్నాను.

“ఆ తరవాత?”

“ఆ తరవాత థెక్లా అని రాసుకోండి.”

“మీరా? మీకు అడుగులు చూడటం వచ్చా?”

“నేర్చుకుంటున్నాను. ఎండ ముందు నుంచి రావాలి.”

బ్యాటరీ ఒక గీతకి పడిపోయింది. ఆయన ఇంటిపేరు అడిగాడు. ఎలీఫాస్ ఇంటిపేరే చెప్పాను.